ఘనాలో అక్రమ బంగారు తవ్వకాలు: బురదైన నదులు, లైసెన్సుల బాట

ఆఫ్రికాలో బంగారం అత్యధికంగా తీసే దేశం ఘనా. బ్రిటిష్ పాలనలో ఆ దేశం పేరే గోల్డ్ కోస్ట్, అంటే బంగారు తీరం. 2024లో ఘనా సుమారు 1,160 కోట్ల డాలర్ల విలువైన బంగారం ఎగుమతి చేసింది. అందులో దాదాపు 500 కోట్ల డాలర్ల సరుకు పెద్ద కంపెనీల గనుల నుంచి వచ్చింది కాదు. చిన్న చిన్న గుంతల్లో పలుగు, పార, పంపు సెట్లతో తవ్వే వాళ్ల దగ్గర నుంచి వచ్చింది.

ఈ చిన్న తవ్వకందారుల్లో లైసెన్సు ఉన్న వాళ్లు కొందరే. లేని వాళ్లే ఎక్కువ. వాళ్ల వల్ల నదులు బురదయ్యాయి, కోకో తోటలు గుంతలయ్యాయి, పాదరసం చేపల్లోకి చేరింది. అలాగని అందరినీ తరిమేస్తే లక్షల కుటుంబాలకు పొయ్యి వెలగదు. ప్రభుత్వాలు ఒకసారి సైన్యాన్ని దింపాయి, ఇంకోసారి లైసెన్సులు ఇస్తామన్నాయి. రెండూ పూర్తిగా ఫలించలేదు. ఈ తవ్వకాల వెనుక కథేంటి? వీళ్లను చట్టం పరిధిలోకి తేవడం ఎందుకంత కష్టమవుతోంది? ఆ బంగారానికి దుబాయ్, హైదరాబాద్‌లతో ఉన్న సంబంధం ఏమిటి?

గలామ్సే అంటే ఏమిటి?

అక్రమ బంగారు తవ్వకాన్ని ఘనాలో 'గలామ్సే' అంటారు. 'పోగు చేసి అమ్ముకో' అనే అర్థమొచ్చే ఇంగ్లీష్ మాటలు జనం నోట్లో నలిగి ఈ పదం పుట్టింది. తవ్వే పనినీ, తవ్వే మనిషినీ ఇదే పేరుతో పిలుస్తారు.

అసలు అక్కడ బంగారం ఏరడం కొత్త పనేమీ కాదు. అశాంటి రాజుల కాలానికి ముందు నుంచే వాగుల ఇసుకను జల్లించి బంగారు రేణువులు తీసేవాళ్లు. ఆ రేణువులే డబ్బుగా చెలామణి అయ్యేవి. బ్రిటిష్ పాలనలో పెద్ద కంపెనీలు దిగాక స్థానికుల తవ్వకం మీద ఆంక్షలు వచ్చాయి. 1930ల్లో స్థానికులు పాదరసం వాడకుండా చట్టం చేశారు. అలా తాతల నాటి వృత్తి నేరం అయిపోయింది.

1989లో పరిస్థితి మారింది. ప్రభుత్వం చిన్నతరహా బంగారు తవ్వకాల చట్టం తెచ్చి, లైసెన్సు తీసుకుంటే తవ్వుకోవచ్చంది. ఇప్పుడు అమల్లో ఉన్నది 2006 నాటి గనుల చట్టం. దాని ప్రకారం చిన్నతరహా తవ్వకం 18 ఏళ్లు నిండిన ఘనా పౌరులకే. విదేశీయులకు చోటు లేదు. ఒక్కో లైసెన్సుకు ఇచ్చే భూమి 25 ఎకరాలు మించదు. కాబట్టి చిన్న తవ్వకం, అక్రమ తవ్వకం ఒకటి కాదు. లైసెన్సు లేకుండానో, లైసెన్సు ఉన్నా హద్దు దాటో, నదిలోనో, రక్షిత అడవిలోనో తవ్వితేనే అది అక్రమం.

చిన్నతరహా తవ్వకం మీద నేరుగా ఆధారపడ్డ వాళ్లు 10 లక్షల పైమాటే అని అంచనా. వాళ్లకు అన్నం వండేవాళ్లు, డీజిల్ అమ్మేవాళ్లు, రాయి మోసేవాళ్లు, ఇంట్లో పిల్లాజెల్లా అందరినీ కలిపితే ఈ లెక్క ఇంకెన్నో రెట్లు ఉంటుంది. ఘనా జనాభా 2021 లెక్కల ప్రకారం 3 కోట్ల 8 లక్షలు.

మట్టి నుంచి బంగారం ఎలా తీస్తారు?

పాత పద్ధతిలో పలుగు, పార, రేకు పళ్లెం ఉంటే చాలు. నది ఒడ్డు మట్టిని నీళ్లలో తిప్పితే బరువైన బంగారం అడుగున మిగులుతుంది. నష్టం కొద్దిగానే ఉండేది.

2008 తర్వాత పెద్ద మార్పు వచ్చింది. బంగారం ధర పెరగడంతో చైనాలోని గ్వాంగ్‌షీ ప్రాంతం, ముఖ్యంగా షాంగ్లిన్ కౌంటీ నుంచి వేల మంది ఘనాకు వచ్చారు. వాళ్లతో పాటే పొక్లెయిన్లు, రాయి పిండి చేసే మిషన్లు, నదిలో తేలుతూ అడుగు మట్టిని తోడే యంత్రాలు వచ్చాయి. ఈ తేలే యంత్రాలను స్థానికులు 'చాంగ్‌ఫాన్' అంటారు. పది మంది నెల రోజులు తవ్వే మట్టిని ఒక పొక్లెయిన్ రోజుల్లో తీసి పారేస్తుంది. గలామ్సే చేతిపని కాస్తా యంత్రాల పరిశ్రమ అయ్యింది.

తవ్విన మట్టిని ఏటవాలుగా పెట్టిన చెక్క తొట్టిలో నీళ్లతో కడుగుతారు. తొట్టిలో పరిచిన తివాచీకి బరువైన రేణువులు అంటుకుంటాయి. ఆ రేణువుల మట్టిలో పాదరసం పోసి పిసుకుతారు. పాదరసం బంగారాన్ని పట్టుకుని ముద్దలా అవుతుంది. ఆ ముద్దను గుడ్డలో వేసి పిండి, మంట మీద పెడితే పాదరసం ఆవిరై పోతుంది, బంగారం మిగులుతుంది. మన దగ్గర కంసాలి వీధుల్లో ఊడ్చిన మట్టి నుంచి బంగారు పొడి తీసేవాళ్లు వాడే చిట్కా కూడా ఇదే. తేడా ఒక్కటే, అక్కడ ఆ పని ఊరూరా, వాగు వాగునా జరుగుతోంది.

పాదరసం ఎందుకు మానరంటే సమాధానం సులువే. అది చవక, చిన్న సీసాలో దొరుకుతుంది, కరెంటు అక్కర్లేదు, సాయంత్రానికి బంగారం చేతికొస్తుంది. రోజు కూలీ మీద బతికే వాడికి సాయంత్రం చేతికొచ్చే డబ్బే లెక్క.

నదులకు ఏమైంది?

ప్రా, అంకోబ్రా, ఓఫిన్, బిరిమ్ నదులు ఘనా దక్షిణ ప్రాంతానికి తాగునీటి ఆధారం. ఇప్పుడు వాటి నీళ్లు చాలా చోట్ల పాల టీ రంగులో ఉంటాయి. నది అడుగును తోడి, ఒడ్డును కూల్చి, కడిగిన బురదను మళ్లీ నదిలోకే వదలడం దీనికి కారణం.

ఇది ఎంత దూరం వెళ్లిందో 2024 ఆగస్టులో ఘనా వాటర్ కంపెనీ ఇచ్చిన ప్రకటనతో బయటపడింది. ప్రా నది మీద సెక్యెరే హెమాంగ్ దగ్గర ఒక నీటి శుద్ధి కేంద్రం ఉంది. కేప్ కోస్ట్, ఎల్మీనా పట్టణాలకు నీళ్లు అక్కడి నుంచే వెళ్తాయి. నీటిలో బురదను ఎన్‌టీయూ అనే కొలతలో లెక్కిస్తారు. ఆ కేంద్రం 2,000 ఎన్‌టీయూ వరకు ఉన్న నీటిని శుద్ధి చేసేలా కట్టారు. అప్పుడు నదిలో వచ్చిన సగటు 14,000 ఎన్‌టీయూ. నీళ్లు తోడే చోటు 60 శాతం పూడికతో నిండిపోయింది. అవసరమైన నీటిలో నాలుగో వంతే ఇవ్వగలమని కంపెనీ చేతులెత్తేసింది.

బురద ఎక్కువైతే పటిక లాంటి రసాయనాలు ఎక్కువ కలపాలి. ఖర్చు పెరుగుతుంది, పంపులు త్వరగా అరిగిపోతాయి. ఆ భారం చివరికి బిల్లు కట్టే జనం మీదే పడుతుంది. గనులకు చాలా దూరంగా, గలామ్సే ముఖం కూడా చూడని పట్టణవాసి కూడా ఇలా మూల్యం చెల్లిస్తున్నాడు.

ఒంటికి ఏం జరుగుతుంది?

పాదరసం రెండు దారుల్లో మనిషిలోకి వెళ్తుంది. మొదటిది ఆవిరి. ముద్దను కాల్చేటప్పుడు వచ్చే ఆవిరికి రంగు లేదు, వాసన లేదు. పక్కన కూర్చున్న వాళ్లకు తెలియకుండానే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. చేతులు వణకడం, నిద్ర పట్టకపోవడం, మతిమరుపు, కిడ్నీలు దెబ్బతినడం దీని లక్షణాలు. చాలామంది ఇంట్లోనే, వంట పొయ్యి మీదే కాలుస్తారు. అప్పుడు పిల్లలూ అదే గాలి పీలుస్తారు.

రెండోది చేప. నదిలో పడ్డ పాదరసాన్ని బ్యాక్టీరియా మిథైల్ మెర్క్యురీ అనే మరింత విషపూరిత రూపంలోకి మారుస్తుంది. నాచు నుంచి చిన్న చేపకు, చిన్న చేప నుంచి పెద్ద చేపకు చేరేకొద్దీ అది పేరుకుపోతుంది. గర్భిణి తింటే కడుపులో బిడ్డ మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. జపాన్‌లోని మినమాటాలో 1950ల్లో బయటపడ్డ జబ్బు ఇదే. ఆ ఊరి పేరుతోనే 2013లో పాదరసంపై అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది. 2017లో అమల్లోకి వచ్చింది. ఘనా, భారత్ రెండూ అందులో ఉన్నాయి. ప్రపంచంలో మనుషుల వల్ల గాలిలోకి వెళ్లే పాదరసంలో 38 శాతం దాకా చిన్నతరహా బంగారు తవ్వకాల నుంచే వస్తోందని ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2018 అంచనాలో తేలింది. బొగ్గు మండించడం కన్నా ఇదే ఎక్కువ.

పాదరసం ఒక్కటే కాదు. బంగారు రాయిలో సీసం, ఆర్సెనిక్ లాంటివీ ఉండొచ్చు. నైజీరియాలోని జంఫారా రాష్ట్రంలో 2010లో జరిగిన ఘోరం దీనికి ఉదాహరణ. ఇళ్ల దగ్గర బంగారు రాయి దంచడంతో లేచిన దుమ్ములో సీసం ఉంది. ఆ దుమ్ముకు 400 మందికి పైగా పిల్లలు చనిపోయారు.

ఇక గుంతల సంగతి. తవ్వేసి వదిలేసిన గుంతలు వానాకాలంలో నిండుతాయి. ఆడుకునే పిల్లలు, పొలానికి వెళ్లే రైతులు అందులో పడి చనిపోతున్నారు. నిలిచిన నీళ్లలో దోమలు, దోమలతో మలేరియా. సపోర్టు లేని సొరంగాలు కూలితే లోపలి వాళ్లు లోపలే. అక్రమంగా దిగారు కాబట్టి చాలాసార్లు ఎంతమంది ఉన్నారో కూడా లెక్క తేలదు. పిల్లలతో పని చేయించడం మరో సమస్య. ఘనా బంగారు తవ్వకాల్లో బాలకార్మికులు పాదరసం చేత్తో పట్టుకుంటున్నారని హ్యూమన్ రైట్స్ వాచ్ 2015లో నివేదిక ఇచ్చింది.

కోకో తోటలు, అడవులు

చాక్లెట్‌కు ముడిసరుకైన కోకోను పండించడంలో ఐవరీ కోస్ట్ తర్వాత దశాబ్దాలుగా వినిపించే పేరు ఘనా. బంగారం ఉన్న నేల, కోకో పండే నేల చాలావరకు ఒకటే. కోకో మొక్క కాపుకు రావడానికి మూడు నుంచి ఐదేళ్లు పడుతుంది. చెట్టు ముసలిదై, తెగులు తగిలి, ధర పడిపోయిన ఏడాది తవ్వకందారు నగదు పట్టుకుని వస్తే రైతు మెత్తబడతాడు. కౌలు రైతు అయితే అడిగే వాళ్లే ఉండరు, భూమి యజమానే అమ్మేస్తాడు. కొన్ని చోట్ల పక్క తోటలన్నీ తవ్వేశాక మధ్యలో మిగిలిన రైతుకు నీళ్లుండవు, దారి ఉండదు. ఇష్టం లేకపోయినా ఇచ్చేయక తప్పదు.

పైమట్టి పోయిన నేలలో మళ్లీ పంట రావాలంటే గుంతలు పూడ్చి, సారవంతమైన మట్టి వేసి ఏళ్ల తరబడి చూడాలి. ఆ ఖర్చు పెట్టేవారు లేరు. కాబట్టి ఒకసారి వచ్చిన డబ్బుకు తరతరాల భూమి పోయినట్టే.

అడవుల విషయంలో ప్రభుత్వమే తలుపు తెరిచిందన్న విమర్శ ఉంది. 2022లో తెచ్చిన ఒక నిబంధన రక్షిత అడవుల్లో, చివరికి అరుదైన జీవజాతులున్న చోట కూడా అనుమతితో తవ్వుకునే వీలిచ్చింది. పర్యావరణ సంఘాలు, చర్చిలు, కార్మిక సంఘాలు దాన్ని గట్టిగా వ్యతిరేకించాయి. దేశంలోని 288 రక్షిత అడవుల్లో 44 చోట్ల అక్రమ తవ్వకాలు సాగుతున్నాయని 2025లో అధికారులే ఒప్పుకున్నారు. ఆ ఏడాది చివర్లో ఆ నిబంధన రద్దయింది.

ఇందులో ఎవరెవరున్నారు?

బురదలో కనిపించేది కూలీ. వెనుక ఉండేది పెట్టుబడి పెట్టే షావుకారు. పొక్లెయిన్ అద్దె, డీజిల్, తిండి ఖర్చు అతనిదే. వచ్చిన బంగారంలో మొదటి వాటా కూడా అతనిదే. ఆపైన బంగారం కొనే ఏజెంట్లు, భూమి చూపించే స్థానిక పెద్దలు, చూసీచూడనట్టు పోయే కొందరు అధికారులు, రాజకీయ అండ. మన దగ్గర ఇసుక దందా ఎలా నడుస్తుందో తెలిసిన వాళ్లకు ఈ గొలుసు కొత్తగా అనిపించదు. దాడి జరిగితే దొరికేది ట్రాక్టర్ డ్రైవర్, యజమాని కాదు. గలామ్సేలోనూ అంతే.

2015-17 మధ్య అక్రమ తవ్వకాలు నడిపినందుకు ఒక చైనా మహిళకు 2023 డిసెంబర్‌లో అక్కడి కోర్టు నాలుగున్నరేళ్ల జైలు శిక్ష వేసింది. అంతకుముందు ఆమెను విచారణ ముగించకుండా దేశం నుంచి పంపేశారు, ఆమె మళ్లీ వచ్చి పట్టుబడింది. ఈ కేసు ఘనాలో పెద్ద దుమారం రేపింది. పెద్ద చేపలకు ఒక న్యాయం, చిన్న చేపలకు ఒక న్యాయమా అని జనం అడిగారు.

దాడులతో ఆగిందా?

2013లో ప్రభుత్వం టాస్క్‌ఫోర్స్ వేసి 4,500 మందికి పైగా చైనీయులను వెనక్కి పంపింది. యంత్రాలు, వాటిని నడపడం నేర్చుకున్న స్థానికులు మాత్రం అక్కడే మిగిలారు.

2017లో అప్పటి అధ్యక్షుడు నానా అకుఫో-అడో ఈ పోరాటానికి తన పదవినే పణంగా పెడతానన్నారు. చిన్నతరహా తవ్వకాలన్నిటినీ నిషేధించారు. సైన్యం, పోలీసులతో 'ఆపరేషన్ వాన్‌గార్డ్' మొదలుపెట్టారు. ఆరు నెలలన్న నిషేధం 2018 డిసెంబర్ దాకా సాగింది. ఇక్కడే పెద్ద పొరపాటు జరిగిందని చాలామంది పరిశీలకుల మాట. లైసెన్సు ఉన్న వాళ్లనూ లేని వాళ్లనూ ఒకే గాటన కట్టేశారు. ఫీజులు కట్టి, కాగితాలు పెట్టుకుని చట్టబద్ధంగా పని చేసిన వాడి గని మూతపడింది. రాత్రిళ్లు దొంగచాటుగా తవ్వినవాడి పని ఆగలేదు. లైసెన్సు తీసుకుని ఏం లాభం అన్న ప్రశ్న అప్పుడే పుట్టింది.

2019లో చట్టం సవరించి శిక్ష పెంచారు. స్థానికులకు 15 నుంచి 25 ఏళ్లు, విదేశీయులకు 20 నుంచి 25 ఏళ్ల జైలు. 2021లో దొరికిన పొక్లెయిన్లను సైనికులు అక్కడికక్కడే తగలబెట్టారు. అయినా తవ్వకం తగ్గలేదు. ఎందుకంటే బంగారం ధర ఆగలేదు. 2025 మార్చిలో ఔన్సు 3,000 డాలర్లు దాటింది, అదే ఏడాది అక్టోబర్‌లో 4,000 దాటింది. జైలు భయం కన్నా ఈ ధర పిలుపే బలంగా ఉంది.

బలప్రయోగానికి ప్రాణాలూ పోతున్నాయి. 2025 జనవరిలో ఒబువాసిలోని ఒక పెద్ద గని దగ్గర సైనికులకు, తవ్వకందారులకు మధ్య జరిగిన ఘర్షణలో పలువురు చనిపోయారు. కొత్త అధ్యక్షుడు జాన్ మహామా విచారణకు ఆదేశించారు.

లైసెన్సు ఎందుకు తీసుకోరు?

బయటి నుంచి చూస్తే ఇది తేలిక పనిలా కనిపిస్తుంది. అర్జీ పెట్టుకోవాలి, లైసెన్సు తీసుకోవాలి, అంతే కదా? లోపలికి వెళ్తే చిక్కులు చాలా ఉన్నాయి.

మొదటిది భూమి. ఘనా రాజ్యాంగం ప్రకారం నేల ఎవరిదైనా, కింద ఉన్న ఖనిజం ప్రజల తరఫున అధ్యక్షుడి అధీనంలో ఉంటుంది. మంచి బంగారం ఉన్న ప్రాంతాల్లో పెద్ద భాగం ముందే కంపెనీలకు కేటాయించేశారు. కొన్ని కంపెనీలు ఏళ్ల తరబడి తవ్వకుండా ఉంచుకుంటాయి. తాత తవ్విన చోట మనవడు తవ్వితే అక్రమ చొరబాటు అవుతోంది.

రెండోది కాగితాలు. జిల్లా ఆఫీసులో అర్జీ, 21 రోజుల బహిరంగ నోటీసు, పర్యావరణ అనుమతి, నీటి వాడకానికి వేరే అనుమతి, చివరికి రాజధాని అక్రాలో మంత్రి సంతకం. ఒక్కో మెట్టు దగ్గర ఫీజు, తిరుగుడు, ఎదురుచూపు. చదువు రాని, అప్పు మీద బతికే మనిషికి నెలల తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగే ఓపిక, డబ్బు ఎక్కడివి?

మూడోది సమాచారం. లైసెన్సు ఇచ్చిన 25 ఎకరాల్లో బంగారం ఉందో లేదో ఎవరూ చెప్పరు. డబ్బు కట్టి తవ్వాక ఖాళీ అని తేలితే హద్దు దాటి వెళ్తాడు, అక్రమం అవుతాడు.

నాలుగోది అప్పు. బ్యాంకులు ఇవ్వవు. షావుకారు ఇస్తాడు, కానీ అతనికి లైసెన్సు అక్కర్లేదు, త్వరగా బంగారం కావాలి.

క్రమబద్ధీకరణ ప్రయత్నాలు

అక్రమ లేఅవుట్లకు ఎల్‌ఆర్‌ఎస్ పెట్టినట్టు, ఉన్నవాళ్లను చట్టంలోకి తెచ్చి నియమాలు పాటించేలా చేయడమే క్రమబద్ధీకరణ. ఘనాలో ఇది కొన్ని రూపాల్లో సాగింది.

ఒకటి, సామూహిక గనుల పథకం. ఒక్కొక్కరికి వేర్వేరుగా కాకుండా ఊరి వాళ్లందరికీ కలిపి ఒక చోటు చూపించి, లైసెన్సుతో పని కల్పించడం. ఆలోచన మంచిదే. అయితే కొన్ని చోట్ల పార్టీ మనుషులకే దక్కిందని, పథకం పేరు పెట్టుకుని నది ఒడ్డునే తవ్వారని ఆరోపణలు వచ్చాయి.

రెండు, పాదరసం లేని పద్ధతులు. ఊగే బల్లలు, గిర్రున తిప్పే గిన్నెల లాంటి యంత్రాలతో బరువు తేడా మీద బంగారం వేరు చేయొచ్చు. 2021లో ప్రభుత్వం అలాంటి యంత్రాలను ప్రవేశపెట్టింది. పాదరసం పూర్తిగా మానలేకపోతే కనీసం మూత ఉన్న పాత్రలో కాల్చి ఆవిరిని తిరిగి పట్టే పరికరం వాడొచ్చు. ఇవి పనికొస్తాయి, కానీ కొనాలి, నేర్పాలి, చెడిపోతే బాగు చేసే మనిషి ఉండాలి. సబ్సిడీ మీద ఇచ్చి వదిలేస్తే మూల పడతాయి.

మూడు, పన్ను. ఇది చాలా తేటగా కనిపించే పాఠం. 2019లో చిన్నతరహా బంగారం మీద 3 శాతం పన్ను వేశారు. వెంటనే లెక్కలోకి వచ్చే ఎగుమతులు బాగా పడిపోయాయి. బంగారం తగ్గలేదు, సరిహద్దు దాటి దొంగదారిన పోయింది. 2022లో పన్నును 1.5 శాతానికి తగ్గించారు, ఎగుమతులు మళ్లీ పెరిగాయి. 2025లో పూర్తిగా ఎత్తేశారు.

నాలుగు, గోల్డ్ బోర్డు. 2025లో కొత్త చట్టంతో 'గోల్డ్‌బాడ్' అనే సంస్థ పెట్టారు. చిన్నతరహా బంగారాన్ని కొనడం, నాణ్యత చూడడం, ఎగుమతి చేయడం అన్నీ ఇక దాని చేతుల్లోనే. స్థానిక బంగారం కొనుగోళ్ల నుంచి విదేశీయులు ఏప్రిల్ 30లోగా తప్పుకోవాలని గడువు పెట్టారు. ఆ ఏడాది ఘనా కరెన్సీ సెడీ బాగా బలపడింది. దానికి బంగారం ఎగుమతులు ఒక ముఖ్య కారణం.

ఇక్కడే అసలు చిక్కుముడి ఉంది. దేశానికి డాలర్లు తెచ్చేది ఈ బంగారమే, నదిని చంపేదీ ఇదే. బోర్డు కొనే బంగారం లైసెన్సున్న గనిదా, నదిలో తోడిందా అన్నది గుర్తుపట్టే ఏర్పాటు గట్టిగా లేకపోతే, ప్రభుత్వమే గలామ్సే సరుకుకు నమ్మకమైన కొనుగోలుదారు అవుతుంది. ప్రతి గ్రామూ ఏ గుంత నుంచి వచ్చిందో చెప్పగలిగే వ్యవస్థ తెస్తామని బోర్డు అంటోంది. క్రమబద్ధీకరణ నిజమా, కాగితం మీదేనా అన్నది అక్కడే తేలుతుంది.

ఐదు, సహకార సంఘాలు, ఉపాధి. చిన్న తవ్వకందారులను సంఘాలుగా కట్టి శిక్షణ ఇచ్చే కార్యక్రమాన్ని 2025లో తలపెట్టారు. ఆగస్టు 6న ఆ కార్యక్రమం కోసం ఒబువాసి వెళ్తున్న సైనిక హెలికాప్టర్ కూలి రక్షణ మంత్రి ఎడ్వర్డ్ ఒమానే బోమా, పర్యావరణ మంత్రి ఇబ్రహీం ముర్తాలా మహమ్మద్ సహా 8 మంది చనిపోయారు. దేశమంతా విషాదంలో మునిగింది. అదే ఏడాది నదుల కాపలాకు స్థానిక యువకులతో 'బ్లూ వాటర్ గార్డ్స్' దళం కూడా ఏర్పాటైంది.

పెరూ చెప్పే పాఠం

దక్షిణ అమెరికాలోని పెరూ కూడా ఇదే దారిలో నడిచింది. అమెజాన్ అడవిలోని మాద్రె దె దియోస్ ప్రాంతంలో తవ్వకాలతో వేల ఎకరాల అడవి ఎడారిలా మారింది. తవ్వకందారులు ముందు పేరు నమోదు చేసుకోవాలి, తర్వాత నెమ్మదిగా నియమాలన్నీ పూర్తి చేయాలని 'రీఇన్ఫో' అనే రిజిస్టర్ పెట్టారు. నమోదైన వాళ్లకు ఈలోగా కేసుల నుంచి రక్షణ. గడువు మాత్రం మళ్లీ మళ్లీ పొడిగిస్తూ పోయారు. దాంతో పేరు రాయించుకుని ఏమీ చేయకుండా తవ్వుకునే వాళ్లకు అది కవచం అయింది. చివరికి 2025 జూలైలో 50 వేలకు పైగా పేర్లను తొలగించారు. తవ్వకందారులు రోడ్ల మీద బైఠాయించి ఆందోళనకు దిగారు.

ఘనా తలుపు ఇరుకుగా పెట్టింది, జనం బయటే ఉండిపోయారు. పెరూ తలుపు బార్లా తెరిచింది, లోపలికి వచ్చాక అడిగేవారు లేరు. లైసెన్సు సులువుగా దొరకాలి, దొరికాక తనిఖీ గట్టిగా ఉండాలి. ఈ రెండూ ఒకేసారి చేయడమే ఏ దేశానికైనా అసలు పరీక్ష.

దుబాయ్ మీదుగా మన దుకాణాల దాకా

ఘనా బంగారంలో చాలా భాగం లెక్కల్లో కనిపించకుండా బయటికి పోతోంది. ఐదేళ్లలో సుమారు 229 టన్నులు, అంటే 1,140 కోట్ల డాలర్ల సరుకు ఇలా జారిపోయిందని స్విట్జర్లాండ్‌కు చెందిన స్విస్ఎయిడ్ సంస్థ 2025లో లెక్కగట్టింది. అందులో ఎక్కువ భాగం చేరింది దుబాయ్‌కే అని చెప్పింది. దిగుమతి చేసుకున్న దేశం చూపించే లెక్కకు, ఎగుమతి చేసిన దేశం చూపించే లెక్కకు ఉన్న తేడాతో ఈ సంఖ్య తేల్చారు.

దుబాయ్ గోల్డ్ సూక్ తెలుగు వాళ్లకు కొత్త కాదు. కరీంనగర్, నిజామాబాద్, కడప నుంచి గల్ఫ్ వెళ్లిన వాళ్లు ఇంటికొచ్చేటప్పుడు గాజులో, గొలుసో తెచ్చుకోవడం ఎప్పటి నుంచో ఉంది. భారత్ ఏటా సుమారు 700-800 టన్నుల బంగారం దిగుమతి చేసుకుంటుంది. 2022లో యూఏఈతో కుదిరిన వాణిజ్య ఒప్పందం ప్రకారం ఏటా 200 టన్నుల దాకా సుంకంలో రాయితీ కూడా ఉంది. ఇక్కడి రిఫైనరీలు ఘనా, పెరూ లాంటి దేశాల నుంచి శుద్ధి చేయని ముడి బంగారాన్ని కూడా తెప్పించుకుంటాయి.

కొనేవాళ్లు గమనించాల్సిన విషయం ఒకటి ఉంది. మన దేశంలో 2023 ఏప్రిల్ 1 నుంచి నగ మీద ఆరు అక్షరాల, అంకెల హెచ్‌యూఐడీ హాల్‌మార్క్ తప్పనిసరి అయ్యింది. అది 22 క్యారెట్లా, 18 క్యారెట్లా అన్నది చెబుతుంది. ఆ బంగారం ఏ దేశపు గని నుంచి వచ్చిందో, అక్కడ పాదరసం వాడారో లేదో చెప్పదు. ఒకసారి కొలిమిలో కరిగి కలిసిపోయాక పుట్టుక తెలుసుకోవడం దాదాపు అసాధ్యం. అందుకే అడ్డుకట్ట వేయాల్సింది కరిగించక ముందు, గుంత దగ్గరా, మొదటి కొనుగోలు దగ్గరా.

ఇక తెలుగు నేలకు కూడా బంగారు గనులతో పరిచయం ఉంది. సరిహద్దు దాటితే వచ్చే కోలార్ గనుల్లో తెలుగు కార్మికులు తరాల పాటు పని చేశారు. చిత్తూరు జిల్లా చిగురుగుంట, అప్పటి అనంతపురం జిల్లా రామగిరి గనులు కూడా అదే ప్రభుత్వ సంస్థ కింద నడిచి 2001లో మూతపడ్డాయి. కోలార్‌లో సైనైడ్ కలిసిన మట్టి దిబ్బలు ఇప్పటికీ ఉన్నాయి. గాలి వీచినప్పుడల్లా ఆ దుమ్ము ఊరి మీద పడుతుంది. అక్కడ గనులు మూతపడేటప్పటికి నడుపుతున్నది ప్రభుత్వ సంస్థే, లైసెన్సు లేకపోవడం అన్న సమస్యే లేదు. గని మూశాక నేలను ఎవరు బాగు చేయాలన్న ప్రశ్న చట్టబద్ధమైన తవ్వకానికీ తప్పదని ఆ దిబ్బలు చెబుతున్నాయి.

ఇకపై చూడాల్సినవి

ఘనాలో రాబోయే రోజుల్లో నాలుగు విషయాల మీద దృష్టి ఉంటుంది. కంపెనీలు వాడకుండా ఉంచుకున్న భూమిని వెనక్కి తీసుకుని చిన్న తవ్వకందారులకు ఇస్తారా లేదా? లైసెన్సు జిల్లాలోనే, నెలల్లో కాకుండా వారాల్లో దొరుకుతుందా? గోల్డ్ బోర్డు తాను కొనే బంగారం ఎక్కడిదో రుజువు చూపగలదా? షావుకారు, అతని వెనుక ఉన్న నాయకుడు కూడా కోర్టు మెట్లు ఎక్కుతారా?

తీసుకునే చర్యలు ఫలిస్తున్నాయా అని తెలుసుకోవడానికి అరెస్టుల సంఖ్య, తగలబెట్టిన పొక్లెయిన్ల సంఖ్య చూస్తే సరిపోదు. సెక్యెరే హెమాంగ్ దగ్గర ప్రా నది నీటిలో బురద కొలత ఎంత ఉందో చూస్తే చాలు. ఆ కొలత 14,000 నుంచి శుద్ధి కేంద్రం తట్టుకోగల 2,000 లోపుకు వస్తే కేప్ కోస్ట్ కుళాయిల్లో మళ్లీ నీళ్లు నిండుగా వస్తాయి.